గుండె చేతులెత్తేసినప్పుడు వీఏ ఎక్మో: వరంగల్, ఉత్తర తెలంగాణ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఐసీయూ తలుపు బయట నిలబడి, పది నిమిషాల్లో నిర్ణయం చెప్పమంటే ఏం చెప్పాలో తోచని కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఈ ప్రశ్నలను, జవాబులను ఇక్కడ చేర్చాం. ఇది వైద్యుడి సలహాకు బదులు కాదు. వైద్యుడు చెప్పే మాటను అర్థం చేసుకోవడానికి, ఆయనను అడగవలసినవి అడగడానికి ఉపయోగపడితే చాలు.

వీఏ ఎక్మో అంటే ఏమిటి? అది గుండెను బాగుచేస్తుందా?

బాగుచేయదు. గుండె రక్తాన్ని తోయలేని స్థితిలో మెదడు, కిడ్నీలు, కాలేయం చెడిపోకుండా కొన్ని రోజులు ఆ పనిని శరీరం బయటి నుంచి చేసిపెడుతుంది, అంతే. తొడ మొదట్లో ఉన్న పెద్ద సిరలోకి పంపిన గొట్టం కొస గుండె కుడి గది దాకా వెళ్తుంది. అక్కడి చెడు రక్తాన్ని ఒక పంపు బయటికి లాగి ఆక్సిజనేటర్ గుండా పంపిస్తుంది. సన్నని బోలు పోగుల కట్టలా ఉండే ఆ పరికరంలో రక్తానికి ఆక్సిజన్ అంది, కార్బన్ డయాక్సైడ్ తొలగిపోతుంది. తర్వాత ఆ రక్తం తొడ ధమనిలోని రెండో గొట్టం ద్వారా మళ్లీ శరీరంలోకి చేరుతుంది. సిర (వీన్) నుంచి తీసి ధమని (ఆర్టరీ)లోకి ఇస్తుంది కాబట్టి దీన్ని వీఏ అంటారు. పెద్దవాళ్లలో ఈ ప్రవాహం సాధారణంగా నిమిషానికి 3 నుంచి 5 లీటర్ల వరకు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి గుండె విశ్రాంతిలో తోసేది కూడా దాదాపు 5 లీటర్లే. అందుకే వైద్యుడు ఎక్మో మాట ఎత్తగానే కుటుంబం అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ యంత్రం ఇచ్చే వ్యవధిలో ఏం జరగబోతోందని. గుండె తానంతట తాను తేరుకుంటుందా, స్టెంట్‌తోనో ఆపరేషన్‌తోనో సరిచేయదగ్గ లోపం ఉందా, గుండె మార్పిడికి దారి ఉందా? ఈ మూడింటిలో ఒక్కదానికైనా అవునన్న సమాధానం రాకపోతే ఎక్మో వల్ల ప్రయోజనం చాలా తక్కువ.

కోవిడ్ రోజుల్లో విన్న ఎక్మో, ఇదీ ఒకటేనా?

యంత్రం దాదాపు ఒకటే, గొట్టాలు అమర్చే తీరు వేరు. 2020లో గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం విషయంలో ఈ పేరు తెలుగువాళ్లందరి చెవిన పడింది. అక్కడ దెబ్బతిన్నవి ఊపిరితిత్తులు. అలాంటప్పుడు సిర నుంచి తీసిన రక్తాన్ని సిరలోకే తిరిగి ఇస్తారు, దాన్ని తోసే పని గుండెదే. దీన్ని వీవీ ఎక్మో అంటారు. 2016 డిసెంబరులో తమిళనాడు ముఖ్యమంత్రి జయలలితకు గుండె ఆగినప్పుడు అమర్చినది మాత్రం గుండె పనిని కూడా మోసే రకం, అంటే వీఏ ఎక్మో. ఈ పేజీలో చెప్పేదంతా ఈ రెండో రకం గురించే.

మా నాన్నకు పంపింగ్ 20 శాతమే ఉందన్నారు. వెంటనే ఎక్మో పెట్టించాలా?

పంపింగ్ అంటే ఎడమ గదిలోని రక్తంలో ప్రతి కొట్టుకకూ బయటికి తోసే శాతం. ఆ ఒక్క అంకె చూసి ఎవరూ ఎక్మో పెట్టరు. పంపింగ్ 20 శాతం ఉండి కూడా మందులతో ఏళ్ల తరబడి నడుచుకుంటూ ఓపీకి వచ్చి వెళ్లేవాళ్లు హనుమకొండలోని ఏ గుండె వైద్యుడి దగ్గర చూసినా కనిపిస్తారు. మరోవైపు, నిన్నటి దాకా మామూలుగా ఉన్న పాతికేళ్ల యువకుడికి జ్వరం తర్వాత గుండె కండరం వాచి, పంపింగ్ 25 శాతానికి పడితే ఆ రాత్రే ప్రాణాపాయం రావచ్చు. వైద్యులు చూసేది, గుండె తోసే రక్తం అవయవాలకు సరిపోతోందా లేదా అన్నది. పై బీపీ 90 కంటే తక్కువే ఉండిపోవడం, చేతులూ కాళ్లూ చల్లబడటం, మూత్రం తగ్గిపోవడం, మనిషి మగతగా మారడం, రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే పదార్థం) 2 దాటి గంటగంటకూ పెరగడం కార్డియోజెనిక్ షాక్ (గుండె చాలినంత రక్తం తోయలేక అవయవాలు దెబ్బతినే స్థితి) లక్షణాలు. బీపీని, గుండె బలాన్ని నిలబెట్టే నోరడ్రినలిన్, డొబుటమిన్ వంటి మందుల మోతాదు పెంచుతూ పోతున్నా ఇవి తగ్గనప్పుడే ఎక్మో ప్రస్తావన రావాలి.

ఏ జబ్బుల్లో దీనివల్ల ఎక్కువ మేలు?

దెబ్బ తీవ్రంగా ఉండి, కారణం తాత్కాలికమైనప్పుడు. వైరస్ వల్ల వచ్చే మయోకార్డైటిస్ (గుండె కండరపు వాపు) ఇందుకు చక్కని ఉదాహరణ. మొదటి వారం గుండె పూర్తిగా మొరాయించినా, ఆ వారం దాటించగలిగితే చాలామందిలో పంపింగ్ తిరిగి మామూలు స్థాయికి దగ్గరగా వస్తుంది. కాన్పు తర్వాత కొందరు తల్లుల్లో వచ్చే గుండె కండర బలహీనత, మందులకు లొంగకుండా మళ్లీ మళ్లీ వచ్చే ప్రమాదకరమైన లయ దోషాలు, ఊపిరితిత్తుల ధమనికి పెద్ద గడ్డ అడ్డుపడటం, గుండె ఆపరేషన్ తర్వాత, ఆపరేషన్‌లో గుండె పని చేసిపెట్టే బైపాస్ యంత్రం నుంచి గుండెను విడదీయలేకపోవడం కూడా ఈ కోవలోకి వస్తాయి.

మన ప్రాంతానికి సంబంధించి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది విషప్రభావం. ధాన్యం నిల్వల్లో పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు శరీరంలోకి వెళ్తే ఫాస్ఫీన్ వాయువు విడుదలై గుండె కండరాన్ని స్తంభింపజేస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు. కానీ ఆ దెబ్బ చాలామటుకు తాత్కాలికమే. మొదటి రెండు మూడు రోజులు రక్తప్రసరణ నిలబెట్టగలిగితే గుండె కోలుకొనే అవకాశం ఉంటుందని, సకాలంలో వీఏ ఎక్మో అందినవాళ్లలో బతికేవారి సంఖ్య మెరుగ్గా ఉందని ఉత్తర భారత ఆసుపత్రుల అనుభవం చెబుతోంది. పచ్చగన్నేరు కాయల విషంలో ముందుగా చేసేది పేస్‌మేకర్, మందులతో లయను నిలబెట్టడం. అది ఫలించనప్పుడే ఎక్మో గురించి ఆలోచిస్తారు. పారాక్వాట్ గడ్డిమందు సంగతి వేరు. దాని ప్రధాన దెబ్బ కిడ్నీల మీద, ఊపిరితిత్తుల మీద పడుతుంది, ఊపిరితిత్తులు తిరిగి బాగుపడవు. కాబట్టి ఏ మందు తాగారన్నది వైద్యుడికి దాచకుండా చెప్పండి, డబ్బా లేదా చీటీ దొరికితే వెంట తీసుకురండి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఈ సంగతి దాచిపెట్టిన కుటుంబాల్లో విలువైన గంటలు వృథాగా పోతున్నాయి. ఇంట్లో ఎవరైనా ఆత్మహత్య ఆలోచనలతో సతమతమవుతుంటే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఎవరికి పెట్టకూడదు?

మెదడు కోలుకోలేనంతగా దెబ్బతిన్నవారికి, ముదిరిన క్యాన్సర్ లేదా లివర్ సిర్రోసిస్ ఉన్నవారికి, ఇక ఏ చికిత్సకూ అవకాశం లేని దీర్ఘకాల గుండె వైఫల్యంతో ఉన్నవారికి పెట్టరు. బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) కవాటం తీవ్రంగా లీకవుతున్నా, బృహద్ధమని పొర చీలి ఉన్నా యంత్రమే హాని చేస్తుంది. వయసుకు ఒకే గీత ఎక్కడా లేదు, అయినా డెబ్భై దాటాక ఫలితాలు బాగా తగ్గుతాయి.

గుండెపోటు వచ్చి షాక్‌లోకి వెళ్లిన అందరికీ పెడితే మంచిదే కదా?

మంచిదేనని చాలాకాలం అనుకున్నారు. 2023లో వెలువడిన ఈసీఎల్ఎస్-షాక్ అధ్యయనం ఆ నమ్మకాన్ని కుదిపేసింది. జర్మనీ, స్లొవేనియా దేశాల్లోని 44 కేంద్రాల్లో, గుండెపోటుతో షాక్‌లోకి వెళ్లిన 400 మందికి పైగా రోగులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి వెంటనే ఎక్మో పెట్టారు, మరో వర్గానికి మామూలు చికిత్స ఇచ్చారు. 30 రోజుల్లో మరణాలు ఎక్మో వర్గంలో 47.8 శాతం, మామూలు చికిత్స వర్గంలో 49 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట. మధ్యస్థ, తీవ్ర రక్తస్రావం మాత్రం ఎక్మో వర్గంలో 23.4 శాతం, మామూలు వర్గంలో 9.6 శాతం. చికిత్స అవసరమైనంతగా కాలి రక్తనాళాలు దెబ్బతినడం ఎక్మో వర్గంలో 11 శాతం, మామూలు వర్గంలో 3.8 శాతం.

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రోగుల్లో నాలుగింట మూడు వంతుల మందికి పైగా అప్పటికే గుండె ఆగి, సీపీఆర్‌తో (ఛాతీ మీద నొక్కి చేసే ప్రాణరక్షణతో) తిరిగి కొట్టుకున్నవారు. వాళ్లలో చాలామంది విషయంలో ఫలితాన్ని తేల్చేది మెదడు పరిస్థితి, దాన్ని ఎక్మో మార్చలేదు. మయోకార్డైటిస్‌కు, విషప్రభావానికి ఈ అధ్యయనాన్ని వర్తింపజేయలేం. గుండెపోటు రోగుల్లో మాత్రం, మూసుకుపోయిన నాళాన్ని త్వరగా తెరవడమే ప్రధాన చికిత్స అన్నది మారలేదు. ఎక్మో ఉందన్న ధైర్యంతో ఆ నాళం తెరిచే యాంజియోప్లాస్టీని వాయిదా వేయడం తప్పు.

ఐసీయూ లోపలికి వెళ్తే ఏం కనిపిస్తుంది?

ముందే తెలుసుకొని వెళ్తే కొంత నయం. గజ్జల దగ్గర పెన్సిలంత లావున్న గొట్టాలు కుట్లతో బిగించి ఉంటాయి. బయటి వెడల్పు చూస్తే సిర గొట్టం 7, 8 మిల్లీమీటర్లు, ధమని గొట్టం 5, 6 మిల్లీమీటర్లు. ఒకదానిలో రక్తం నల్లటి ఎరుపులో, మరొకదానిలో మెరిసే ఎరుపులో పారుతుంది. రెండూ ఒకే రంగులో కనిపిస్తే అక్కడి సిబ్బంది వెంటనే యంత్రాన్ని పరీక్షిస్తారు. యంత్రాన్ని నడిపే నిపుణుడు (పర్ఫ్యూజనిస్ట్) ప్రతి కొన్ని గంటలకూ టార్చిలైటు వేసి ఆక్సిజనేటర్ అంచుల్లో నల్లటి గడ్డలు కడుతున్నాయేమో చూస్తాడు.

బంధువులను అన్నిటికన్నా భయపెట్టేది మానిటర్. పంపు ప్రవాహం ఏకధాటిగా ఉంటుంది కాబట్టి, గుండె బాగా నీరసించినప్పుడు బీపీ గీత అలలు లేకుండా చదునుగా సాగుతుంది, నాడి చేతికి అందదు, పట్టీ కట్టి చూసే బీపీ రాదు. ధమనిలోని సన్నని గొట్టం ద్వారా సగటు పీడనం 65 దగ్గర ఉంటే చాలని చూస్తారు. ఆ చదును గీతను చూసి అంతా అయిపోయిందనుకోవద్దు. రోజులు గడిచేకొద్దీ అందులో చిన్న చిన్న అలలు మొదలవడమే గుండె తిరిగి పని అందుకుంటోందనడానికి తొలి ఆనవాలు.

ఒక్కోసారి గొట్టాలు వణుకుతుంటాయి, ప్రవాహం పడిపోతుంది. బావిలో నీళ్లడుగంటితే మోటారు ఎంత తిప్పినా గాలే లాగినట్టు, సిరలో రక్తం తగ్గితే పంపు వేగం పెంచినా లాభం ఉండదు. కాబట్టి సిబ్బంది వేగం తగ్గించి, రక్తస్రావం ఎక్కడైనా ఉందేమో వెతికి, అవసరమైతే సెలైన్ లేదా రక్తం ఎక్కిస్తారు.

ప్రమాదాలు ఏమిటి?

రక్తస్రావం మొదటిది. యంత్రంలో గడ్డ కట్టకుండా హెపారిన్ ఇవ్వాలి, ఇస్తే గొట్టాల దగ్గర, ముక్కులో, కడుపులో, అరుదుగా మెదడులో రక్తస్రావం కావచ్చు. ఈ రెంటి మధ్య సమతూకం కోసం, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూపే ఏపీటీటీ, ఏసీటీ పరీక్షలు రాత్రీ పగలూ చేస్తూనే ఉంటారు. గుండెపోటుకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి కొద్ది గంటలే అయిన రోగిలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. రక్తం, ప్లేట్‌లెట్లు పదే పదే కావలసి వస్తాయి. దాతలను వెతకడానికి ఇంటి నుంచి ఒకరిని కేటాయించుకోండి.

రెండోది కాలు. తొడ ధమనిలో గొట్టం అడ్డుగా ఉండటంతో కింది కాలికి రక్తం తగ్గుతుంది. అందుకే అదే నాళంలోకి కిందివైపుగా సన్నని మరో గొట్టం వేసి పాదానికి రక్తం పంపుతారు. పాదం చల్లగా, తెల్లగా లేదా నీలంగా మారుతోందా, డాప్లర్ (రక్త ప్రవాహాన్ని శబ్దంగా వినిపించే పరికరం) పెట్టినప్పుడు శబ్దం వస్తోందా అని గంటగంటకూ చూడాలి. ఆలస్యమైతే కండరం చచ్చి కాలు తీసేయవలసిన పరిస్థితి వస్తుంది. మీరు లోపలికి వెళ్లినప్పుడు రెండు పాదాలనూ తాకి చూసి, తేడా అనిపిస్తే నర్సుకు చెప్పడంలో తప్పేమీ లేదు. ఇన్ఫెక్షన్, పక్షవాతం, డయాలసిస్ దాకా వెళ్లే కిడ్నీ దెబ్బ కూడా వచ్చే అవకాశముంది.

ఎక్మో పెట్టాక ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటున్నారు. యంత్రం ఉన్నా ఎందుకిలా?

ఈ పద్ధతిలోని ప్రధాన లోపం అదే. యంత్రం రక్తాన్ని తొడ నుంచి పైకి, అంటే గుండె తోసే దిశకు ఎదురుగా పంపుతుంది. ఇప్పటికే నీరసించిన ఎడమ గది ఆ ఒత్తిడికి ఎదురుగా కవాటాన్ని తెరవలేకపోతే, లోపలి రక్తం అక్కడే నిలిచి, గది ఉబ్బి, వెనకనున్న ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. నిలిచిన రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. అందుకే రోజూ ఎకో (గుండె స్కాన్) చేసి కవాటం తెరుచుకుంటోందా అని చూస్తారు. తెరుచుకోకపోతే ప్రవాహం కొంత తగ్గించడం, డొబుటమిన్ కొనసాగించడం, ఎడమ గది భారం తగ్గించే బెలూన్ పంపు లేదా ఇంపెల్లా వంటి పరికరం అమర్చడం, గుండె పై గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేయడం వంటి మార్గాలున్నాయి. మీ ఆసుపత్రిలో వీటిలో ఏవి అందుబాటులో ఉన్నాయో ముందే అడగండి. ఎక్మో యంత్రం ఉన్న ప్రతిచోటా ఇవి ఉండవు.

రక్తపరీక్ష కుడి చేతి నుంచే ఎందుకు తీస్తున్నారు?

గుండె కాస్త తేరుకొని, ఊపిరితిత్తులు ఇంకా చెడిపోయే ఉంటే, గుండె తోసే ఆక్సిజన్ తక్కువ రక్తం ముందుగా మెదడుకూ కుడి చేతికీ చేరుతుంది, యంత్రం ఇచ్చే మంచి రక్తం శరీరం కింది భాగానికే పరిమితమవుతుంది. కాళ్లు ఎర్రగా కనిపిస్తున్నా మెదడుకు ఆక్సిజన్ చాలకపోవచ్చు. దాన్ని పట్టించేది కుడి చేతి నమూనాయే.

రోగిని వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఎప్పుడు తరలించాలి?

అన్ని ప్రశ్నల్లోకీ ఇదే ముఖ్యమని మా అభిప్రాయం. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. జనగామ, భువనగిరి దాటి ఉప్పల్ ట్రాఫిక్‌లో పడి ఆసుపత్రి చేరేసరికి మూడు గంటలు సులువుగా గడుస్తాయి. ఏటూరునాగారం, మహదేవపూర్ వంటి చోట్ల నుంచి బయల్దేరేవాళ్లకు వరంగల్ చేరడమే ఒక ప్రయాణం. షాక్ ముదిరిన రోగి ఈ దారిని తట్టుకోలేడు. కాబట్టి రెండో మందు మొదలుపెట్టినా బీపీ నిలవడం లేదని, లాక్టేట్ తగ్గడం లేదని తెలిసిన మొదటి గంటల్లోనే ఎక్మో కేంద్రంతో మాట్లాడాలి. మూడో మందు, నాలుగో మందు చేర్చి, కిడ్నీలు ఆగి, రాత్రంతా చూసి, తెల్లవారాక అంబులెన్స్ పిలవడం మన దగ్గర తరచుగా జరుగుతోంది. అప్పటికి ఎక్మో పెట్టగలిగినా, అది కాపాడవలసిన అవయవాలే పోయి ఉంటాయి.

అయితే తొందరపాటు కూడా పనికిరాదు. నాళం మూసుకుపోయిన గుండెపోటు రోగికి దగ్గరలో క్యాథ్ ల్యాబ్ (యాంజియోప్లాస్టీ చేసే గది) ఉంటే ముందు అక్కడే నాళం తెరిపించాలి. లయ దోషముంటే సరిచేయాలి. శ్వాస కష్టమవుతుంటే, దారిలో కాదు, బయల్దేరే ముందే వెంటిలేటర్ మీద పెట్టాలి. అక్కడి వైద్యుడు ఫోన్‌లో పడక ఉందని, ఎక్మో బృందం సిద్ధంగా ఉందని స్పష్టంగా చెప్పాకే కదలాలి. పేరున్న ఆసుపత్రి కదా అని వెళ్లి గేటు దగ్గర పడక లేదనిపించుకోవడం కంటే ఘోరం లేదు. కొన్ని పెద్ద కేంద్రాల బృందాలు యంత్రంతో సహా రోగి ఉన్న చోటికే వచ్చి, గొట్టాలు అమర్చి వెంట తీసుకెళ్తాయి. ఆ వీలుందేమో అడగండి. ఈసీజీ, ఎకో రిపోర్టు, యాంజియోగ్రామ్ సీడీ, ఏ మందు ఏ సమయానికి ఎంత ఇచ్చారో రాసిన కాగితం, బ్లడ్ గ్రూపు వెంట ఉండాలి.

గుండె ఆగి సీపీఆర్ చేస్తుండగా కూడా ఎక్మో పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ షరతులు కఠినమైనవి. కళ్లముందే కుప్పకూలడం, క్షణాల్లో సీపీఆర్ మొదలవడం, సుమారు గంటలోపే ఎక్మో ప్రవాహం అందడం ముఖ్యం. 2020లో అమెరికాలోని మినియాపొలిస్‌లో జరిగిన అరెస్ట్ అధ్యయనంలో ఎక్మో వర్గంలో 14 మందిలో 6 మంది, మామూలు వర్గంలో 15 మందిలో ఒక్కరు ప్రాణాలతో ఇంటికి వెళ్లారు. నెదర్లాండ్స్‌లో అనేక ఆసుపత్రులు కలిసి చేసిన ఇన్‌సెప్షన్ అధ్యయనంలో మాత్రం, మెదడు బాగుండి 30 రోజులకు బతికున్నవారు ఎక్మో వర్గంలో 20 శాతం, మామూలు వర్గంలో 16 శాతం. ఒకే బృందం నిత్యం సాధన చేసే చోటికీ, మిగతా చోట్లకూ ఉండే తేడా ఇందుకు కొంత కారణం కావచ్చు. ఊళ్లో గుండె ఆగిన మనిషికి మనం చేయగలిగింది వెంటనే ఛాతీ మీద నొక్కడం, 108కి ఫోన్ చేయడం.

ఎన్ని రోజులు ఉంచుతారు? ఎలా తీస్తారు?

చాలావరకు కొన్ని రోజుల నుంచి వారం, పది రోజులు. మందులు తగ్గించినా బీపీలో అలలు నిలకడగా ఉండి, లాక్టేట్ మామూలుకు వచ్చాక, ప్రవాహాన్ని మెట్టుమెట్టుగా నిమిషానికి లీటరు, లీటరున్నర దాకా తగ్గించి ఎకోతో చూస్తారు. అంత తక్కువ సహాయంతో కూడా పంపింగ్ 20, 25 శాతానికి పైన ఉండి, గుండె ప్రతి కొట్టుకలో తోసే రక్తం సరిపోతుంటే గొట్టాలు తీస్తారు. పంపింగ్ 60 శాతానికి వచ్చేదాకా ఆగరు, ఆగితే యంత్రం వల్ల వచ్చే చిక్కులే పెరుగుతాయి. యంత్రం తీసినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. పెద్దవాళ్లలో వీఏ ఎక్మో పెట్టిన మొత్తం మందిలో సగం కంటే తక్కువ మందే ఇంటికి చేరుతున్నారని అంతర్జాతీయ నమోదులు చూపుతున్నాయి. కారణాన్ని బట్టి ఈ లెక్క బాగా మారుతుంది.

గుండె కోలుకోకపోతే?

మెదడు, ఇతర అవయవాలు బాగుంటే గుండె మార్పిడికి రాష్ట్ర ప్రభుత్వ జీవన్‌దాన్ జాబితాలో నమోదు చేయవచ్చు, లేదా ఎడమ గదికి సహాయపడే శాశ్వత పంపును ఆలోచించవచ్చు. ఈ రెండూ అందరికీ సాధ్యపడేవి కావు. ఏ దారీ లేనప్పుడు యంత్రం ఆపే సంభాషణ తప్పదు. చికిత్స ఫలించదని తేలినప్పుడు ప్రాణాధార చికిత్సను ఉపసంహరించుకోవడానికి సుప్రీంకోర్టు 2018 తీర్పులో అనుమతించింది, 2023లో వైద్య బోర్డుల విధానాన్ని సరళం చేసింది. దాన్ని చంపడంగా భావించి కుటుంబంలో ఒకరినొకరు నిందించుకోనక్కర్లేదు. ఎక్మో పెట్టే రోజే, ఎన్ని రోజుల తర్వాత మళ్లీ కూర్చొని మాట్లాడుకుందామో వైద్యులతో తేల్చుకుంటే ఈ ఘట్టం కొంత తేలికవుతుంది.

ఖర్చు ఎంత?

లక్షల్లో. గొట్టాలు, ఆక్సిజనేటర్ ఒక్కసారి వాడి పారేసేవి కావడంతో మొదటి రోజే పెద్ద మొత్తం అవుతుంది, తర్వాత ఐసీయూ, రక్తం, పరీక్షల ఖర్చు రోజూ చేరుతుంది. మొదటి రోజు ఖర్చు, ఆ తర్వాతి రోజువారీ ఖర్చు విడివిడిగా రాయించుకోండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. అయితే పరిమితి వేరు, ఫలానా చికిత్స ప్యాకేజీలో ఉండటం వేరు. అది ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోవాలి. ముఖ్యమంత్రి సహాయనిధికి బిల్లులన్నీ భద్రపరచుకోండి. పొలం అమ్మే ముందు, పైన చెప్పిన మొదటి ప్రశ్నకు వైద్యుడి నుంచి సూటి సమాధానం తీసుకోండి.

ఇంటికి వచ్చాక ఏం జాగ్రత్తలు?

నెలల తరబడి నీరసం, కాలి తిమ్మిరి, నిద్రలో ఐసీయూ కలలు, మరుపు సహజం. గజ్జ దగ్గర వాపు, చీము, నడుస్తుంటే పిక్క పట్టేయడం కనిపిస్తే వెంటనే చూపించాలి. పంపింగ్ పెరిగింది కదా అని గుండె మందులు సొంతంగా మానేయకూడదు. మయోకార్డైటిస్ నుంచి బయటపడినవాళ్లు మూడు నుంచి ఆరు నెలలు బరువైన పొలం పనులకు, ఆటలకు దూరంగా ఉండి, ఎకో చూపించుకొని వైద్యుడు సరేనన్నాకే మొదలుపెట్టాలి. కాన్పు తర్వాత గుండె బలహీనపడిన తల్లులు మళ్లీ గర్భం దాల్చే విషయాన్ని ముందుగా గుండె వైద్యుడితోనే చర్చించాలి, ఎందుకంటే పంపింగ్ పూర్తిగా మామూలైనవాళ్లలో కూడా జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంటుంది.